జాషువా బాల్యం ఎక్కడ ముగిసింది?

మా వైపు పల్లెల్లో హరిశ్చంద్ర నాటకం అంటే కాటిసీనే. మిగతా నాటకం చూసినా చూడకపోయినా, తెల్లవారుజామున కాటిసీను మొదలయ్యేసరికి పట్టాల మీద నిద్రపోతున్న పిల్లల్ని తట్టి లేపేవాళ్లు. హార్మోనియం సాగేది. భుజాన గొంగళి, చేతిలో కర్రతో హరిశ్చంద్రుడు వచ్చి పద్యం ఎత్తుకుంటే ఈలలు, వన్స్ మోర్లు. గిద్దలూరు, కంభం, మార్కాపురం, యర్రగొండపాలెం చుట్టుపక్కల పెద్దవాళ్లను కదిలిస్తే ఆ శ్మశానం పద్యాలు ఇప్పటికీ రాగంతో సహా వస్తాయి. అవి బలిజేపల్లి లక్ష్మీకాంతం నాటకంలో భాగమనే చాలామంది అనుకుంటారు. కానీ జనం నోట నిలిచిన ఆ శ్మశానం పద్యాలు గుర్రం జాషువా ‘శ్మశానవాటిక’ అనే ఖండిక లోనివి. నటులు వాటిని తెచ్చి నాటకంలో కలుపుకున్నారు, జనం విడిచిపెట్టలేదు.

నాటకం ముందు ఊరివాళ్లు కూర్చునేవాళ్లు. వెనక, కాస్త ఎడంగా, పల్లెవాళ్లు. చావు ముందు రాజూ పేదా ఒకటే అని గొంతెత్తిన ఆ పద్యం రాసిన మనిషి వెనక కూర్చున్నవాళ్ల బిడ్డ అని ముందు వరసలో ఎందరికి తెలుసో చెప్పలేను. వెనక వరసలో మాకూ తెలియదు. ఇంకో మాట కూడా ఉంది. ఆ కథలో ప్రేక్షకులు ఏడ్చేది ఒక చక్రవర్తి కాటికాపరి అయ్యాడని. తాత తండ్రుల నుంచి కాటికాపరులుగానే ఉన్నవాళ్ల కోసం ఎవరూ ఏడవరు. జాషువా ఆ పద్యాలు రాయడం, అవే పద్యాలు ఆ సీనులో చేరడం కాకతాళీయమే కావచ్చు. అయినా నాకు ఆ సీను గుర్తొచ్చినప్పుడల్లా ఆయన జీవితమే గుర్తొస్తుంది.

సాహిత్యం చదివే విద్యార్థులకు ఒక కథారకం పాఠంగా చెబుతారు. పిల్లవాడు పెద్దవాడయ్యే కథ. అమాయకంగా ఉన్న పిల్లవాడికి ఒక చావు, ఒక మోసం, ఒక తొలి ప్రేమ ఎదురవుతుంది. లోకం తాననుకున్నట్టు లేదని తెలుస్తుంది. కథలో ఏదో ఒక వస్తువు, ఒక పక్షో, ఒక బావో, ఒక పాత చొక్కానో ఆ నష్టానికి గుర్తుగా నిలబడుతుంది. పరీక్షలో దాన్ని ప్రతీక అని రాస్తే మార్కులు పడతాయి. మన పిల్లలకు ఈ పాఠం వేరే చెప్పాల్సిన పని లేదు. వాళ్ల కథలో ఆ మలుపు పదహారేళ్లకో ఇరవైయేళ్లకో రాదు. బడిలో చేరిన రోజునే వస్తుంది. జాషువా జీవితాన్ని ఈ వైపు నుంచి చూడాలని ఈ వ్యాసం.

1895 సెప్టెంబర్ 28న వినుకొండలో పుట్టారు జాషువా. అప్పటికి గుంటూరు జిల్లా లేదు, వినుకొండ కృష్ణా జిల్లాలో ఉండేది. మార్కాపురం, కంభం తాలూకాలు కర్నూలు జిల్లాలో ఉండేవి. కాగితం మీద గీతలు వేరైనా నేల ఒకటే. వినుకొండలో రైలెక్కి పడమటికి వస్తే కురిచేడు, దొనకొండ, గజ్జెలకొండ దాటి మార్కాపురం రోడ్డు, తర్లుపాడు, కంభం, గిద్దలూరు. అదే ఎర్రమట్టి, అవే రాళ్ల గుట్టలు, వాన కోసం అదే ఎదురుచూపు. నల్లమలలో పుట్టి, కంభం చెరువు నింపి, మార్కాపురం పక్కగా పారే గుండ్లకమ్మే వినుకొండ ప్రాంతాన్నీ తాకి అద్దంకి మీదుగా సముద్రానికి పోతుంది.

ఆ గుండ్లకమ్మకు మన వాడల చరిత్రలో ఇంకో చోటు ఉంది. జాషువా పుట్టడానికి 17 ఏళ్ల ముందు, 1878 జూలై 3న, ఒంగోలుకు ఎగువన వెల్లంపల్లి దగ్గర ఈ ఏటి నీళ్లలోనే ఒక్క రోజులో 2,222 మంది బాప్తిస్మం తీసుకున్నారు. వాళ్లలో ఎక్కువమంది మాదిగలు. 1876–78 కరువులో అమెరికన్ బాప్టిస్టు మిషనరీ జాన్ క్లౌ బకింగ్‌హాం కాలువ తవ్వకం పని ఒప్పుకుని వేలమందికి కూలి చూపించాడు. అన్నం కోసం మతం మారారని అప్పుడూ అన్నారు, ఇప్పుడూ అంటారు. అన్నం పెట్టనివాళ్లు ఆ మాట అనడం వింతగానే ఉంటుంది. ఏమైతేనేం, ఆ తరం తరవాత ఒంగోలు నుంచి వినుకొండ, మార్కాపురం, కంభం దాకా మిషన్ బడులు లేచాయి. అక్షరం మొదటిసారి మన గుడిసెల దాకా వచ్చింది.

జాషువా తండ్రి వీరయ్య యాదవ కులస్థుడు. తల్లి లింగమ్మ మాదిగ. ఇద్దరూ క్రైస్తవులు. ఇప్పటికీ ఇలాంటి పెళ్లి చేసుకున్న జంటలు పోలీస్ స్టేషన్లలో రక్షణ అడుగుతున్నాయి. నూటపాతికేళ్ల కిందట ఆ ఇంటికి ఏం జరిగి ఉంటుందో ఊహించుకోవచ్చు. తల్లి కులమే బిడ్డ కులమైంది. మన సమాజంలో లెక్క ఎప్పుడూ అంతే, ఇద్దరిలో కింద ఎవరున్నారో చూసి అక్కడికి తోస్తుంది.

అయినా తొలి బాల్యం హాయిగానే గడిచింది. పొలాల్లో, చెట్ల కింద, కొండ చుట్టూ తిరిగిన బాల్యం. బొమ్మలు గీయడం ఇష్టం, పాడడం ఇష్టం. ఈ నాలుగైదేళ్ల బతుకు ఆయన కవిత్వంలో చివరిదాకా ఉంది. ముళ్లచెట్టు కొమ్మకు గూడల్లే గిజిగాడి మీద పద్యాలు రాశారు. మూల గోడకు వేలాడే సాలీడు మీద రాశారు. ‘శిశువు’ అనే ఖండిక రాశారు. అందులో పసిబిడ్డ ఈ లోకానికి కొత్తగా వచ్చిన చుట్టం. భాష తెలియదు, భేదం తెలియదు, తల్లి ఒడి తప్ప వేరే రాజ్యం లేదు. తెలుగు పాఠ్యపుస్తకాల్లో ఈ పద్యాల్ని ముద్దుగా చదివిస్తారు. నా ఉద్దేశంలో ‘శిశువు’ను ఒంటరిగా చదివితే సగమే చదివినట్టు. ఆ పసివాడికి అయిదేళ్లు నిండి బడికి పోతే ఏమవుతుందో తెలిసిన మనిషి రాసిన పద్యాలవి.

బడిలో ఏమైంది? పలక పట్టుకుని వెళ్లిన పిల్లవాడికి అక్షరాల కంటే ముందు తన కులం పేరు తిట్టుగా వినపడింది. తోటి పిల్లలు హేళన చేశారు, ఉపాధ్యాయులు చిన్నచూపు చూశారు. తాకితే మైల. నిన్నటిదాకా తన ఒళ్లు తనకు ఆడుకునే ఒళ్లు, ఈరోజు నుంచి అది ఇతరులు తప్పుకు నడిచే ఒళ్లు. పిల్లవాడు తప్పేం చేశాడో వెతుక్కుంటాడు, దొరకదు. చేసిన తప్పుకు శిక్ష పడితే పిల్లలు మరిచిపోతారు. పుట్టుకకు పడిన శిక్షను ఎలా మరిచిపోతారు?

దాదాపు అదే కాలంలో, 1901లో, మహారాష్ట్రలో ఇంకో పిల్లవాడు అన్నతో, మేనల్లుడితో కలిసి తండ్రిని చూడడానికి రైల్లో వెళ్లాడు. మంచి బట్టలు వేసుకున్నాడు, చేతిలో డబ్బుంది. మసూర్ స్టేషన్లో దిగి కులం చెప్పేసరికి స్టేషన్ మాస్టరు ముఖం మారిపోయింది. బండి తోలడానికి ఎవరూ రాలేదు. రెట్టింపు కిరాయి ఇచ్చి, బండి తామే తోలుకుని, రాత్రంతా తాగడానికి నీళ్లు దొరక్క గడిపారు. ఆ పిల్లవాడు భీమ్‌రావ్. అంబేద్కర్ పెద్దయ్యాక తన అనుభవాలు రాసుకున్నప్పుడు మొదట చెప్పింది ఆ ప్రయాణమే. అప్పటికి తొమ్మిదేళ్ల భీమ్‌రావ్‌కు నీళ్లు, ఆరేళ్ల జాషువాకు పలక. ఒకరిని ఒకరు ఎరగని ఇద్దరు పిల్లలు ఒకే పాఠం నేర్చుకుంటున్నారు.

తేడా కూడా ఉంది. జాషువా పిల్లవాడిగా ఉన్నప్పుడే తిరగబడ్డాడు. కులం పేరుతో ఎగతాళి చేసిన అగ్రకుల పిల్లల్ని కొట్టాడు. మనవాళ్ల జీవితచరిత్రల్లో ఈ దెబ్బను ఒక వాక్యంలో దాటేస్తుంటారు, మహాకవికి కొట్లాట ఏమిటి అన్నట్టు. నాకు అది ఆయన మొదటి కవిత అనిపిస్తుంది. పేదరికమూ కులభేదమూ తనకు ఇద్దరు గురువులని, ఒకటి ఓర్పు నేర్పితే రెండోది ఎదిరించడం నేర్పిందని పెద్దయ్యాక ఆయన చెప్పుకున్నారు. ఆ రెండో గురువు దగ్గర చదువు వినుకొండ బడి ఆవరణలోనే మొదలైంది.

పలక మాట వచ్చింది కాబట్టి ఇక్కడ కాసేపు ఆగుతాను. దేశంలో బడి పిల్లల చేతుల్లో ఉన్న రాతి పలకల్లో మన మార్కాపురం పలకలకు పెద్ద పేరు. ఆ రాయిని గనుల్లోంచి తీసి, పలచగా చీల్చి, కోసి, నునుపు చేసి, చట్రం బిగించేవాళ్లలో చాలాకాలం పిల్లలూ ఉన్నారు. బాలకార్మికుల గురించి దేశవ్యాప్తంగా చర్చ జరిగినప్పుడు శివకాశి అగ్గిపెట్టెలతో పాటు మార్కాపురం పలకల పేరూ వచ్చింది. పలకలు తయారుచేసే పిల్లకు పలక మీద రాయడం రాదు. ఊపిరితిత్తుల్లో రాతి దుమ్ము. ప్రతీక కోసం ఏ రచయితా ఇంతకంటే వెతకక్కర్లేదు, అది మా ఊరి కార్ఖానాల్లో పడి ఉంది. జాషువా పలక ఎక్కడిదో మనకు అనవసరం. అది చేతికి రావడమే ఆయన అదృష్టం, దాంతోపాటు వచ్చిందే ఆయన గాయం.

బడి ఇచ్చిన చేదు ఉన్నా చదువు మీద మోజు పోలేదు. స్నేహితుడు దీపాల పిచ్చయ్యశాస్త్రి, తరవాత ఆయనా కవి అయ్యారు, ఆ సాంగత్యంలో పద్యం పట్టుబడింది. జూపూడి హనుమచ్ఛాస్త్రి దగ్గర కాళిదాసు మేఘసందేశం, రఘువంశం, కుమారసంభవం చదువుకున్నారు. ఇద్దరూ బ్రాహ్మణులే. ఇది దాచాల్సిన సంగతి కాదు. గోడ కట్టినవాళ్లలోంచే ఒకరిద్దరు తలుపు తెరిచారు. అయితే ఒకరిద్దరు తలుపు తెరిస్తే గోడ కూలదని ఆయనకు త్వరలోనే తెలిసింది.

వినుకొండలో ఒకసారి అవధానం జరిగింది. కుర్రవాడు జాషువా ఆ సభలో తన పద్యాలు చదివారు. పద్యాల సంగతి తరవాత, ఇతన్ని సభలోకి ఎవరు రానిచ్చారని కొందరు లేచారు. నలుగురి ముందు అవమానించారు. బడిలో పిల్లలు చేసింది సభలో పండితులు చేశారు. చదువు వస్తే, సంస్కృతం వస్తే, ఛందస్సు తప్పకుండా పద్యం చెప్పగలిగితే కులం వెనక్కి తగ్గుతుందని ఏ మూలో ఒక నమ్మకం ఉంటుంది కదా, అది ఆ రోజు పోయి ఉండాలి. ఈ రెండో అమాయకత్వం పోవడం మొదటిదానికంటే కష్టం. ఈరోజు యూనివర్సిటీ మెట్లెక్కిన మన విద్యార్థులకు దీన్ని విడమరిచి చెప్పనక్కర్లేదు. ర్యాంకు వచ్చాక, సీటు వచ్చాక, హాస్టల్ గదిలో ఎవరో ర్యాంకెంత అని అడిగి, నవ్వి, కేటగిరీ ఏమిటని మళ్లీ అడిగినప్పుడు పోయేది ఆ నమ్మకమే.

1910లో మేరీతో పెళ్లి. మిషన్ బడిలో నెలకు 3 రూపాయల జీతం. ఆ ఉద్యోగం పోయింది. 1915–16లో రాజమండ్రి వెళ్లి మూగ సినిమాలకు వాచకుడిగా చేశారు. తెర మీద బొమ్మలు కదులుతుంటే పక్కన నిలబడి కథా, సంభాషణలూ చదవడం ఆ పని. చీకట్లో గొంతు వినపడుతుంది, మనిషి కనపడడు. ఆ హాల్లో ఆయన కులం ఎవరూ అడిగి ఉండరు. తరవాత గుంటూరులో లూథరన్ చర్చి నడిపే ఉపాధ్యాయ శిక్షణ పాఠశాలలో పదేళ్లు, ఆపైన అక్కడే తెలుగు పండితుడిగా ఇంకొన్నేళ్లు. రెండో ప్రపంచయుద్ధ కాలంలో యుద్ధ ప్రచారకుడు. 1957–59లో మద్రాసు రేడియోలో కార్యక్రమ నిర్మాత. కవి చక్రవర్తి అని బిరుదులున్న మనిషి ఇల్లు గడవడానికి ఇన్ని గుమ్మాలు ఎక్కి దిగారు.

మధ్యలో చర్చి ఒక దెబ్బ కొట్టింది. రుక్మిణీ కల్యాణం, కుశలవోపాఖ్యానం, ధ్రువవిజయం లాంటి హిందూ పురాణ కథలు రాస్తున్నాడని మతపెద్దలు ఆయన్ను సంఘం నుంచి వెలివేశారు. ఇటు పండితులు క్రైస్తవుడన్నారు, మాదిగ అన్నారు. అటు మతపెద్దలు హిందువుల కథలు రాస్తున్నాడన్నారు. పక్షులు తమలో కలుపుకోవు, జంతువులు తమలో కలుపుకోవు. గబ్బిలం గురించి పిల్లలకు చెప్పే పాత కథ అదే కదా.

‘గబ్బిలం’ 1941లో వచ్చింది. కాళిదాసు మేఘసందేశాన్ని గురువు దగ్గర చదువుకున్న విద్యార్థి పాతికేళ్లు దాటాక రాసిన జవాబు అది. కాళిదాసులో యక్షుడు శాపం తగిలి భార్యకు దూరమై మేఘంతో కబురు పంపుతాడు. ఏడాది గడిస్తే ఆ శాపం తీరుతుంది. జాషువా కథానాయకుడు అరుంధతి కొడుకు, అంటే మాదిగ. ఆయన శాపానికి గడువు లేదు. కబురు భార్యకు కాదు, కాశీలోని శివుడికి. రాత్రిపూట తన గుడిసెలోకి వచ్చిన గబ్బిలాన్ని పట్టుకుని తన గోడంతా చెప్పి, దేవుడి చెవిన వేయమంటాడు. ఎందుకు గబ్బిలం? మనిషికి గుళ్లోకి ప్రవేశం లేదు, గబ్బిలానికి ఉంది. గర్భగుడి దూలానికి వేలాడే హక్కు దానికి ఎవరూ ఇవ్వలేదు, ఎవరూ తీసెయ్యలేరు.

త్రిపురాంతకం కొండ మీది గుడికి గానీ, మార్కాపురం చెన్నకేశవుడి గుడికి గానీ వెళ్లి పాత మండపాల్లో ఒకసారి తలెత్తి చూడండి. మన తాతలు గోపురాన్ని దూరం నుంచి చూసి దండం పెట్టుకున్న రోజుల్లో అలాంటి చీకటి మూలల్లో ఎవరున్నారో అర్థమవుతుంది. జాషువా ప్రతీకను ఆకాశంలోంచి తేలేదు. హంసను తేలేదు, చిలకను తేలేదు. అపశకునమని అందరూ తరిమే ప్రాణిని, తలకిందులుగా వేలాడేదాన్ని, పగలు చూపు లేదని ఎగతాళి చేసేదాన్ని దూతగా నిలబెట్టారు. కబురు పంపేవాడూ, మోసేదీ ఇద్దరూ వెలివాడ వాళ్లే. ఆ గబ్బిలం తెలుగు నేల మీదుగా ఎగురుతూ ఈ దేశపు పాత వైభవాలన్నీ చూస్తుంది. ఆ వైభవాల పొడవునా తన మనిషికి చోటు ఎక్కడుందో వెతుకుతుంది. వర్ణవ్యవస్థను నాలుగు పడగల పాముగా చూపించారు ఈ కావ్యంలో. ప్రతీకల గురించి వ్యాసం రాయాల్సిన విద్యార్థులు ఆ రెండు బొమ్మల్నీ పక్కపక్కన పెట్టి చూడొచ్చు. పాముకు పడగలు నాలుగే, అయిదో మనిషికి అందులో చోటు లేదు, కాటు మాత్రం ఉంది.

ఇక్కడ ఒక చిన్న విషయం ఎప్పుడూ నన్ను ఆపుతుంది. కావ్యం మొదట్లో కథానాయకుణ్ని పరిచయం చేస్తూ జాషువా అతన్ని అమాయకుడు అంటారు. దొరికిన కాసుతో తృప్తి పడేవాడు, గుప్పెడు మెతుకులు దొరికితే కష్టమంతా మరిచిపోయేవాడు. పంట పండించి లోకానికి పెట్టి, తను పస్తులుండేవాడు. ఆ అమాయకుడు గబ్బిలంతో మాట్లాడుతూ మాట్లాడుతూ ఎటు పోతాడో చూడండి. మొదట గోడు, తరవాత ప్రశ్న, తరవాత లెక్క అడగడం. కర్మ అనే మాటను పట్టుకుని నిలదీస్తాడు. ప్రతిమల పెళ్లికి వందలు, వేలు ఖర్చు పెట్టేవాళ్లు ఆకలితో ఉన్నవాడి గిన్నెలోకి ఎందుకు చూడరని అడుగుతాడు. అమాయకత్వం పోవడం నష్టమని పాఠ్యపుస్తకాలు చెబుతాయి. ‘గబ్బిలం’లో అది పోవడమే అతనికి మిగిలిన ఆస్తి. తనకు జరుగుతున్నది విధి కాదు, ఎవరో చేస్తున్నదని తెలిసిన క్షణం నుంచి అతను ఇంకో మనిషి.

కాలం కూడా చూడాలి. 1936లో తిరువాన్కూరులో ఆలయ ప్రవేశ ప్రకటన వచ్చింది. 1939లో మదురై మీనాక్షి గుళ్లోకి దళితులు వెళ్లారు. మద్రాసు రాష్ట్రమంతటికీ వర్తించే ఆలయ ప్రవేశ చట్టం 1947 దాకా రాలేదు. ఆ మధ్య కాలంలో, తలుపు సగం తెరిచి సగం మూసి ఉన్న రోజుల్లో, ‘గబ్బిలం’ అచ్చయింది. ఇప్పుడు చట్టం ఉంది, 17వ అధికరణం ఉంది, 1989 నాటి అత్యాచారాల నిరోధక చట్టం ఉంది. గుడి మెట్ల దగ్గర గొడవలు మాత్రం వార్తల్లోంచి పోలేదు.

దీనికి ముందు 1932లో రాసిన ‘ఫిరదౌసి’ని ప్రేమగా చదివేవాళ్లు ఎక్కువ. గజనీ మహమ్మదు పద్యానికో బంగారు నాణెం ఇస్తానని మాట ఇచ్చి, ఏళ్ల తరబడి రాయించుకుని, చివరికి వెండి నాణేలు పంపిన కథ. సుల్తాను బుద్ధి తెచ్చుకుని బంగారం పంపేసరికి కవి శవం ఊరి బయటికి పోతుంటుంది. పర్షియా కవి కథను వినుకొండ కవి ఎందుకు అంతలా మనసుకు తీసుకున్నాడు? రెక్కల కష్టం చేయించుకుని కొలత దగ్గర మోసం చేయడం కళ్లం దగ్గర కూలికి నిలబడ్డ ప్రతి ఇంటికీ తెలుసు.

గౌరవాలు వచ్చాయి, దండిగానే వచ్చాయి. తిరుపతి వేంకట కవుల్లో ఒకరైన చెళ్లపిళ్ల వెంకటశాస్త్రి, ఆంధ్రదేశంలో పండితులందరికీ గురువులాంటి మనిషి, తన చేతులతో జాషువా కాలికి గండపెండేరం తొడిగారు. ఆ పాదం తాకి ధన్యుణ్నయ్యానన్నారు. తాకకూడదన్న పుట్టుక గల మనిషి పాదాన్ని బ్రాహ్మణ పండితుడు సభలో అందరూ చూస్తుండగా తాకారు. జాషువా తన జీవితంలో అంతకు మించిన పురస్కారం లేదనుకున్నారంటే అర్థం చేసుకోవచ్చు. 1964లో శాసనమండలి సభ్యత్వం, అదే ఏడాది ‘క్రీస్తు చరిత్ర’కు కేంద్ర సాహిత్య అకాడమీ బహుమతి. 1970లో పద్మభూషణ్, ఆంధ్ర విశ్వవిద్యాలయం కళాప్రపూర్ణ.

కానీ ఆయన పద్యాల్లోనే ఇంకో మనిషి ఉన్నాడు. కవిత్వం విని, ఆహా అని, ఇంత అందంగా చెప్పిన మీరెవరని, మీ కులమేమిటని అడిగి, జవాబు వినగానే చటుక్కున లేచిపోయే మనిషి. కత్తిపోటులా ఉంటుందని రాసుకున్నారు జాషువా, చెప్పుకోవడానికే సిగ్గన్నారు. గండపెండేరం తొడిగిన కాలు అదే, సభలోంచి గెంటించుకున్న కాలూ అదే.

1985లో కారంచేడు జరిగాక, 1991లో చుండూరు జరిగాక మన ఉద్యమం జాషువాను మళ్లీ చదివింది. కొందరు యువకులకు ఆయన మీద అసంతృప్తి ఉండేది. పద్యాలెందుకు రాశాడు, శివాజీ మీద, పురాణాల మీద ఎందుకు రాశాడు, గాంధీ మీద కావ్యమెందుకు అని. ప్రశ్నలు న్యాయమైనవే. ‘బాపూజీ’ రాసిన చేయి అంబేద్కర్ వైపు ఇంకా గట్టిగా చాచి ఉంటే బాగుండేదని నాకూ అనిపిస్తుంది. పద్యం విషయంలో మాత్రం నేను ఒప్పుకోను. ఆ రోజుల్లో పద్యమే గర్భగుడి. మాకు తప్ప ఎవరికీ రాదని కాపలా కాసుకున్న చోటు. ఆయన అందులోకి దూరి, అక్కడి దూలానికే వేలాడుతూ, అక్కడి భాషలోనే నిలదీశారు. ఒంగోలు దగ్గర ఈదుమూడిలో 1994 జూలై 7న మాదిగ దండోరా పుట్టినప్పటి నుంచి మన వాడల ఫ్లెక్సీల మీద అంబేద్కర్, జగ్జీవన్ రామ్ పక్కన తలపాగాతో ఆయన బొమ్మ కూడా కనిపిస్తోంది. బొమ్మ పెట్టేవాళ్లంతా ‘గబ్బిలం’ చదివి ఉంటే ఇంకా సంతోషం.

ఆయన ఇంట్లో కూడా ఆ కథ ఇంకో మలుపు తీసుకుంది. కూతురు హేమలత నాస్తికోద్యమ నాయకుడు గోరా కొడుకు లవణాన్ని చేసుకున్నారు. జాషువా తల్లిదండ్రుల పెళ్లికి వెలి దొరికితే, కూతురి కులాంతర వివాహం ఒక ఉద్యమానికి దారి తీసింది. హేమలత స్టువర్టుపురంలో నేరస్థులని ముద్ర వేసిన కుటుంబాల మధ్య పనిచేశారు, తెలంగాణలో జోగినీ ఆచారం మీద పోరాడారు. అక్కడ ఆమె ఎదుర్కొన్నదీ అదే. దేవుడికి అంకితమన్న పేరుతో బాల్యం పోగొట్టుకున్న దళిత బాలికలు. 2008లో ఆమె చనిపోయారు.

జాషువా 1971 జూలై 24న గుంటూరులో కన్నుమూశారు. అంతకు ముందు ఏడాదే మార్కాపురం, గిద్దలూరు ప్రాంతాలు కర్నూలు నుంచి విడిపోయి ఒంగోలు కేంద్రంగా కొత్త జిల్లాలో చేరాయి. ఆయన తెచ్చుకున్న పెద్ద పురస్కారాలన్నీ చివరి ఏడెనిమిదేళ్లలో వచ్చినవే. అదే కాలంలో ఆయన తన ఆత్మకథ రాస్తూ కూర్చున్నారు. పేరు ‘నా కథ’. అదీ పద్యాల్లోనే. అకాడమీ బహుమతి, మండలి సభ్యత్వం, కాలికి గండపెండేరం అన్నీ ఉన్న డెబ్బై ఏళ్ల మనిషి మళ్లీ వినుకొండకు తిరిగి వెళ్లారు. పొలాల్లో తిరిగిన పిల్లవాణ్ని, అతన్ని కులం పేరుతో పిలిచిన బడిని ఒక్కో పద్యంగా కాగితం మీద పెట్టారు.